సెయింట్ ఎటియెన్ జారుడు తుపాకీ

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు కోపగించుకోకు. ఆరు వారాలుగా నా తీరిక వేళలన్నీ ఒక పాత వేట తుపాకీకే చెల్లిపోయాయి. ఇక్కడికి, అంటే ఫ్రాన్స్‌లోని లియోన్‌కు, సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న సెయింట్ ఎటియెన్‌లో రెజిస్ డార్న్ 1881లో మొదలుపెట్టిన కర్మాగారం చేసిన 16 బోరు (గొట్టం లోపలి వెడల్పు కొలత) డబుల్ బ్యారెల్ అది. కర్మాగారం 1979లో మూతపడింది. ఆ ఊరి మ్యూజియంలో ఆయుధాలు, సైకిళ్ళు, రిబ్బన్లు ఒకే కప్పు కింద కనిపిస్తాయి. ఊరి బతుకులో ఆ మూడింటికీ పెద్ద పాలే ఉంది మరి.

మీ తాతగారు తన తుపాకీని నడుమ దగ్గర వంచి తూటాలు పెట్టడం చిన్నప్పుడు మనిద్దరం కళ్ళప్పగించి చూసేవాళ్ళం. డార్న్ అలా వంగదు. గొట్టాలు ఉన్నచోటే ఉంటాయి. వెనుక రెండు చెవుల్లా నిలిచిన పిడిని పైకెత్తి లాగితే, ఉక్కు దిమ్మ మొత్తం సొరుగులాగా వెనక్కి జారుతూ, పేలిన తూటాను వెంట తెచ్చుకుంటూ, ఆ కదలికలోనే స్ప్రింగులను కూడా బిగించేస్తుంది. దిమ్మను ముందుకు తోసి పిడిని దించినప్పుడు, మంచి ఇనప్పెట్టె తలుపు పడినట్టు, మెత్తగా ఒక్క చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు కోసమే పదిసార్లు తెరిచి మూశాను. బరువు 2.6 కిలోలే.

అమ్మిన దుకాణదారు మాత్రం, తూటా లోపలికి దూరితే సరిపోయినట్టేనని చెప్పి పంపాడు. ఆ మాట నాకిప్పటికీ మింగుడుపడటం లేదు. తూటా పెట్టె మీద అచ్చువేసే పొడవు, అది పేలి మూతి విచ్చుకున్న తరువాతి పొడవు. 70 మిల్లీమీటర్ల తూటా, మూతి ముడిచి ఉన్నంతవరకు 60 లోపే ఉంటుంది కాబట్టి, గొట్టం వెనుక కొసన తూటా కూర్చునే 65 మిల్లీమీటర్ల పాత గదిలోకి హాయిగా దూరుతుంది. పేలినప్పుడు విచ్చుకోవడానికి చోటు చాలక గొట్టం ఇరుకయ్యే చోటికి చొచ్చుకుపోయి, లోపలి ఒత్తిడిని పెంచేస్తుంది. నా తుపాకీ గది 65. గొట్టాల అడుగున, పొగరాని మందుతో పరీక్షించినట్టు తెలిపే, కిరీటంతో కూడిన 'పీటీ' ముద్ర ఉంది. అయినా గొట్టాల గోడల మందం తుపాకుల మిస్త్రీ చేత కొలిపించాకే, 24 గ్రాముల సీసపు గుళ్ళతో ఉన్న పొట్టి తూటాలు కొన్నాను.

మొదటి రెండు తూటాలను, షూటింగ్ క్లబ్బులో తుపాకీని పాత టైరుకు కట్టి, గోడ చాటు నుంచి తాడు లాగి పేల్చాను. ఖాళీ తూటాలు ఉబ్బకుండా, చిట్లకుండా బయటికి వచ్చాక గానీ భుజానికి ఎత్తుకోలేదు. ఆ తరువాత 35 మీటర్ల దూరంలో కాగితం కట్టి పేల్చి, 75 సెంటీమీటర్ల వృత్తం గీసి, పడిన రంధ్రాలను పెన్సిలుతో ఒక్కొక్కటే లెక్కపెడుతూ సాయంత్రమంతా కూర్చున్నాను. కుడి గొట్టం విశాలంగా చల్లుతుంది, ఎడమది దగ్గరగా గుమిగూడుస్తుంది. అయితే ఎడమది గురి కంటే అరచేతి వెడల్పంత ఎత్తున కొడుతోంది. అది గొట్టం దోషమో, నా చెంప ఆనించడంలోని దోషమో తేలాలంటే ఇంకో పది తూటాలు కాల్చాలి.

ఎడమ గొట్టం కాగితాన్ని మడిచి ఈ ఉత్తరంతోనే పెడుతున్నాను. మధ్యలో పెన్సిలు గుర్తు నేను గురిపెట్టిన చోటు.

నీ
మిత్రుడు