కుటుంబ చిత్రపుటల విభాగం – వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

మన విభాగం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలిసిందే కాబట్టి ఆ ఉపోద్ఘాతం జోలికి పోవడం లేదు. గత సర్వసభ్య సమావేశం ఒప్పజెప్పిన పని ఒక్కటే. ఇంటి ఫొటోలు, పేర్లు, తేదీ కలిపి కంప్యూటర్లో ఒకసారి తయారుచేసిన పుట ఆల్బమ్‌కీ, గోడకీ, ఫోనుకీ మళ్లీ మొదటినుంచి చేయకుండా పనికిరావాలి. అది చాలావరకు కుదిరింది. కుదరనిచోట ఎందుకు కుదరలేదో కూడా రాస్తున్నాం.

ముందు కృతజ్ఞతలు. ఆదివారాలు హాలు తాళం తీసి, కరెంటు బిల్లు గురించి ఒక్క మాటా అనని కోశాధికారి గారికి. స్కానరు అరువిచ్చిన మూడో వీధి మాస్టారు గారికి. ఫ్లాస్కు నిండా టీ పంపిన మహిళా విభాగానికి. మసకబారిన గ్రూపు ఫొటోల్లో ముఖాలు గుర్తుపట్టి "ఈవిడ వాళ్ల మేనత్త, ఆ వెనకాయన ఇల్లరికం అల్లుడు" అని వరసలతో సహా చెప్పిన పెద్దలకు. వాళ్లు లేకపోతే సగం పుటల్లో పేర్లుండాల్సిన చోటు ఖాళీగా ఉండేది.

ఇక కొలత సంగతి. ఇంతకుముందు ఎవరికి తోచిన సైజులో వాళ్లు చేశారు. ఫోను కోసమని 1080 × 1920 పిక్సెళ్లలో చేసిన పుటలు ప్రింటుకి వెళ్తే, అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన 3.6 × 6.4 అంగుళాలు మాత్రమే వచ్చాయి. పెద్దది చేస్తే ముఖాలు మసక. అందుకని ఈ ఏడాది అందరికీ ఒకే కొలత పెట్టాం: 12 × 12 అంగుళాలు, అంటే 3600 × 3600 పిక్సెళ్లు. మన స్టూడియోలు పెళ్లి ఆల్బమ్‌లకు వాడే షీటు 12 × 36 అంగుళాలు. దాని మీద మన పుటలు మూడు పక్కపక్కన అచ్చంగా సరిపోతాయి. కోసి ఇమ్మంటే ఒక షీటు ఖర్చుతో మూడు విడి పుటలు చేతికొస్తాయి.

కోయకుండా ఆల్బమ్‌గా కట్టిస్తే మాత్రం మడత 18వ అంగుళం దగ్గర పడుతుంది. అది నడిమి పుటకి నట్టనడుమ. మొదటి షీటులోనే షష్టిపూర్తి పెళ్లికొడుకు ముక్కు సరిగ్గా ఆ మడతలోకి పోయింది. అప్పటినుంచి నడిమి పుటలో మధ్యనున్న ఒక అంగుళం పట్టీలో ముఖంగానీ అక్షరంగానీ ఉండకూడదని నియమం పెట్టాం. చుట్టూ అంచుల్లో పావు అంగుళం, అంటే 75 పిక్సెళ్ల మేర, కోతలో పోయినా బాధలేని రంగో డిజైనో ఉండాలి.

అదే పుట ఫోను స్టేటస్‌కి కావాలంటే 3600 పిక్సెళ్ల ఎత్తుకి 2025 పిక్సెళ్ల వెడల్పున నిలువుగా కత్తిరించాలి. కాబట్టి ముఖ్యమైన ఫొటో, పేర్లు, తేదీ ఆ 2025 పట్టీలోనే ఉంచండి. పూలతీగలు, తోరణాలు, చిన్న ఫొటోలు అటూ ఇటూ పెట్టుకోండి. ఏ4కి కత్తిరించినా 2546 వెడల్పు మిగులుతుంది, ముఖ్యమైనదేదీ పోదు. లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన పొరలు, విడిగా ఉన్న అసలు ఫైలు దాచుకుంటేనే ఇదంతా. అన్నీ కలిపేసి జేపెగ్ ఒక్కటే ఉంచుకుని, ఆనక "తేదీ తప్పుపడింది, మార్చండి" అంటే మార్చడానికి అందులో ఏమీ ఉండదు.

స్కానింగు గురించి అడిగిందే అడుగుతున్నారు కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాం. 4 × 6 ఫొటోని 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల లెక్కన తీస్తే 2400 × 3600 వస్తుంది, పుట ఎత్తంతా నిలబెట్టినా చాలు. పాస్‌పోర్టు ఫొటోకి 1200 పెట్టండి. అంతకు మించితే ఫైలు బరువు పెరుగుతుందే కానీ ముఖం తేటపడదు. నలుపు తెలుపు ఫొటోనైనా కలర్‌లోనే స్కాన్ చేయాలి. పసుపు మరకనీ సిరా రాతనీ తర్వాత విడదీయడానికి ఆ రంగే ఆధారం. వెనకవైపు కూడా తీయండి. స్టూడియో ముద్ర, ఊరు, ఒక్కోసారి తేదీ అక్కడే దొరుకుతాయి.

పాత సిల్కు పేపరు ఫొటోలు స్కానరులో గరుకుగా, చుక్కలు చుక్కలుగా వస్తాయి. ఒకసారి స్కాన్ చేసి, ఫొటోని తలకిందులుగా తిప్పి రెండోసారి చేయండి. రెండో స్కానుని కంప్యూటర్లో మళ్లీ నిటారుగా తిప్పి, మొదటిదాని మీద సరిగ్గా కూర్చోబెట్టి, పై లేయరుని 50 శాతం పలచన చేస్తే గరుకు చాలామట్టుకు పోతుంది. స్కానరు దీపం ఒక పక్కనుంచే పడుతుంది కాబట్టి, తిప్పినప్పుడు ఆ చుక్కల నీడలు ఎదురుపక్కకి పోయి ఒకదాన్నొకటి కొట్టేస్తాయి.

ఫ్రేము అద్దానికి అతుక్కుపోయిన ఫొటోని దయచేసి ఇంట్లో పీకకండి. బొమ్మ పొర అద్దానికే ఉండిపోతుంది, చేతికి తెల్లకాగితం వస్తుంది. అద్దంతోనే తీసుకురండి, అలాగే స్కాన్ చేస్తాం. జిగురు పేజీల ఆల్బమ్‌లోంచి ఫొటో ఊడకపోతే, మైనం లేని పళ్ల దారాన్ని కింద దూర్చి మెల్లగా రంపంలా లాగాలి. అప్పటికీ రాకపోతే ప్లాస్టిక్ కాగితం ఎత్తి పేజీ మొత్తం స్కాన్ చేయడమే.

తెలుగు అక్షరాల గొడవ వేరే. స్టూడియోల్లో అనూ ఫాంట్లతో కొట్టిన మాటలు మన కంప్యూటర్లలో పిచ్చిగీతలవుతాయి. అంతా యూనికోడ్‌లోనే, అంటే ఏ కంప్యూటర్లోనైనా తెలుగుగానే కనిపించే పద్ధతిలోనే కొట్టండి. రామభద్ర, మండలి, గురజాడ, సూరన్న వంటి ఫాంట్లు ఉచితం. పాత ఫొటోషాప్‌లో వత్తులు విడిపోతే అక్షరాల సెట్టింగులో దక్షిణాసియా భాషల ఎంపిక పెట్టి, ప్రోగ్రాం మూసి మళ్లీ తెరవాలి. ఫొటోషాప్ లాంటిదే అయిన గింప్ ప్రోగ్రాంలో ఈ బాధ లేదు, పైగా ఉచితం. పైన గుడులు, కింద వత్తులు ఉన్న లిపి కాబట్టి వరసల మధ్య దూరం అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లు ఉంచండి. "స్త్రీ" కింది వత్తులు కింది వరస గుడుల్లో ఇరుక్కున్న పుటలు ఈ ఏడాదీ వచ్చాయి.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది సంక్రాంతి ప్రదర్శన. హాల్లో నాలుగు వైపులా తాడు కట్టి, బట్టల క్లిప్పులతో పుటలు వేలాడదీశాం. ఎక్కువమంది ఆగింది బారసాల పుట దగ్గర. దాని నేపథ్యం మేడమీదనుంచి తీసిన ముగ్గు ఫొటో. నలుపు తెలుపు చేసి, నేలని పూర్తి నల్లగా తగ్గించి, లేయరుని నలుపు కనబడనివ్వని స్క్రీన్ మోడ్‌లో పెడితే నేల మాయమై పిండిగీతలు మాత్రమే మిగిలాయి. దాని కింద ముదురు ఆకుపచ్చ రంగు. మధ్యలో ఉయ్యాల ఫొటో, దాని నీడ కింది కుడివైపుకి 12 పిక్సెళ్లు జరిపి, 35 శాతం గాఢతతో. ఆ పుటలో నీడలన్నీ ఒకే వైపుకి ఉన్నాయి, అందుకే ఫొటోలు నిజంగా అంటించినట్టు కనిపించాయి. అమ్మమ్మ గారి ఉప్పాడ చీర అంచు కూడా పెట్టాలనుకుంటే స్కానరులో జరీ నల్లగా వచ్చింది. శుభలేఖల మీది బంగారు అచ్చు సంగతీ ఇంతే. మెరిసేవాటిని కిటికీ వెలుతురులో కొంచెం వాలుగా పెట్టి కెమెరాతో తీయాల్సిందే.

ఈ ప్రదర్శనకి పెద్ద హాలు ఇప్పిస్తామని మాటిచ్చిన అధికారి చివరివారంలో ఫోను ఎత్తడం మానేశారు. ఇరుకు హాల్లోనే కానిచ్చాం. వాలంటీర్లుగా పేర్లు రాయించుకున్నవారి విషయానికొస్తే, మొదటి ఆదివారం గ్రూపు ఫొటోలో అందరూ ఉన్నారు. తర్వాత స్కానరు దగ్గర కూర్చున్నది ఎప్పుడూ ఆ ముగ్గురే. మిగతావారు పండుగ రోజున బ్యాడ్జీలు అడిగి మరీ పెట్టుకున్నారని రికార్డు కోసం రాస్తున్నాం.

ఇంకో మాట. వాట్సాప్‌లో ఫొటోలు మామూలుగా పంపకండి అని నోటీసు బోర్డు మీద పెద్దక్షరాల్లో రాశాం. అలా పంపితే ఫొటో కుదించుకుపోతుంది, తీసిన తేదీ వివరమూ పోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా పెన్‌డ్రైవ్ ఇవ్వండి. ఆ నోటీసునే ఫొటో తీసి, దానితోపాటు ఇంటి ఫొటోలు మామూలుగానే పంపినవారున్నారు.

జమాఖర్చుల పట్టిక హాలు గుమ్మం దగ్గర అంటించాం. ఆడిటర్ గారు చూశారు, సంతకం పెట్టారు. ప్రింటింగు పద్దు అనుకున్నదానికన్నా పెరిగింది. తెర మీద వెలిగిపోయిన పుటలు కాగితం మీద చీకటిగా రావడంతో కొన్ని మళ్లీ వేయించాం. ఇకమీదట షీటు వేయించేముందు 4 × 6లో ఒక నమూనా ప్రింటు తప్పనిసరి.

పుటలన్నీ మూడు చోట్ల ఉన్నాయి: హాలు కంప్యూటర్లో, కోశాధికారి గారింట్లో హార్డ్‌డిస్కులో, క్లౌడ్‌లో. మీ ఇంటి పుట కావాలంటే పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి. పేర్లు, వరసలు ఇంకా తేలని ఫొటోలు కూడా హాలు కంప్యూటర్లోనే విడిగా ఉన్నాయి. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఒక ఆదివారం తీసుకొచ్చి చూపించండి.

స్కానరు మాస్టారు గారికి తిరిగి ఇచ్చేయాలి, వాళ్ల అబ్బాయికి కావాలట. మనకంటూ ఒకటి కొనే తీర్మానం ఎజెండాలో ఆఖరున ఉంది. అది అయ్యేదాకా భోజనాలకి లేవొద్దని మనవి.

కార్యదర్శి