చక్రం ఊడింది పచ్చి కర్ర వల్ల

సంపాదకులకు నమస్కారం.

మొన్న మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన చారిత్రక కథ రెండుసార్లు చదివాను. 1856లో ఇంగ్లాండులో మోర్మన్ మతం (అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖ) పుచ్చుకున్న పేదలు లివర్‌పూల్‌లో ఓడెక్కి, అమెరికాలో దిగి, చేతిబళ్లు లాక్కుంటూ ఆ మతస్థుల ఊరైన సాల్ట్ లేక్‌కు నడిచిన కథ. మంచు కురిసే రాత్రి చాలా బాగా రాశారు. కానీ నడిదారిలో చక్రం ఊడిపోతే, దాన్ని దైవ పరీక్ష అని ఒక్క వాక్యంలో దాటేశారు. అక్కడ నాకు మనసొప్పలేదు. మాది మూడు తరాలుగా బళ్లు చేసిన ఇల్లు.

మా నాన్న నల్లతుమ్మ దుంగను నెలల తరబడి చెరువు బురదలో నానేసి, ఆపైన నీడన ఆరేస్తే గానీ ఉలి పెట్టనిచ్చేవాడు కాదు. ఆయన ఊళ్లో లేనప్పుడు, డబ్బు అవసరమై, నేనోసారి పచ్చి కర్రతో పూటీలు, అంటే చక్రం అంచు చెక్కలు, చెక్కేశాను. వైశాఖం రాకుండానే ఆ రైతు బండి వెనక్కి తెచ్చాడు. చక్రం చేత్తో ఊపితే మధ్యలోని ఆకులు, అంటే అడ్డకర్రలు, టకటకమన్నాయి. పూటీల అతుకుల్లో నా చిటికెన వేలు దూరింది. పాపం, ఆయన ఒక్క మాటా అనలేదు.

అమెరికాలో జరిగిందీ అదే. ఆ ఏడాది చేతిబళ్ల వాళ్లలో చివరివైన విల్లీ, మార్టిన్ బృందాల జనం, నడక మొదలయ్యే అయోవా సిటీకి చేరేసరికే ఆలస్యమైంది. సరిపడా బళ్లు లేవు. దొరికిన పచ్చి కలపతో హడావిడిగా కట్టారు. చాలావాటికి ఇరుసు కూడా చెక్కదే. మనిషికి 17 పౌన్లు, అంటే ఎనిమిది కిలోల లోపు సామానే తీసుకోనిచ్చారు. కానీ దారిలో మజిలీ ఊరైన ఫ్లోరెన్స్ దాటాక విల్లీ బృందంలో బండికో 98 పౌన్ల పిండి బస్తా ఎక్కించారు. ఎండు మైదానాల్లో కర్ర ఎండి కుంచించుకుపోయి, ఇసుక దూరి, ఇరుసులు అరిగిపోయాయి. కందెన లేదు. సబ్బు రాశారు, పంది కొవ్వు రాశారు, బూట్ల తోలు కోసి ఇరుసుకు చుట్టారు. తినాల్సిన కొవ్వు ఇరుసుకు పోసిన ఆడమనిషి మొహం కథలో ఉంటే ఎంత బాగుండేది! బళ్లు బాగుచేసుకుంటూ ఆగిన రోజులు కూడా చివరికి వాళ్లను అక్టోబరు మంచులోకి తీసుకెళ్లాయి. రెండు బృందాల్లో కలిపి వెయ్యి మంది దాకా ఉంటే, రెండు వందలకు పైగా చనిపోయారు. అదే ఏడాది ముందుగా బయల్దేరిన మూడు బృందాలు అక్టోబరు మొదట్లోపే చేరుకున్నాయి.

ఇంకొకటి. ఫ్లోరెన్స్‌లో ఆగస్టులో సభ పెట్టుకున్నప్పుడు విల్లీ బృందంలోని లెవీ సావేజ్ ఒక్కడే లేచి వద్దన్నాడు. ముసలివాళ్లు, పిల్లలు చచ్చిపోతారు, చలికాలం ఇక్కడే ఉందామన్నాడు. ఎవరూ వినలేదు. సరే, మీరు వెళ్తే నేనూ వస్తా, అవసరమైతే మీతోనే చస్తా అని కదిలాడు. ఈయన 1853లో కలకత్తా రేవులో దిగి, బర్మా వెళ్లి మతప్రచారం చేసి వచ్చినవాడే. ఆయనతో పాటు ఓడ దిగినవాళ్లలో కొందరు మన మద్రాసు దాకా వచ్చారు. కథలో సావేజ్ పేరే లేదు. అంత పెద్ద మనిషిని ఎలా వదిలేశారో!

వాళ్ల భక్తిని నేను శంకించడం లేదు. 2,100 కిలోమీటర్ల దారిలో బండి లాగడానికి ఎంత నమ్మకం కావాలో పచ్చి చక్రం చేసినవాడికే బాగా తెలుసు. అయితే ఆ కర్ర ఆరనివ్వకుండా కోసింది మనుషులు, తొందరపడింది మనుషులు. దేవుడి మీద వేస్తే వాళ్ల పేర్లు తప్పిపోతాయి.

పుస్తకంగా వేసేటప్పుడు ఆ పేజీ మరోసారి చూడమని రచయితకు చెప్పగలరు. కందెన లేని చెక్క ఇరుసు ఎలా ఏడుస్తుందో కావాలంటే మా పాకలో వినిపిస్తాను. ఒక పాత బండి ఇంకా ఉంది.

ఇట్లు,
ఒక పాత వడ్రంగి,
తెనాలి