పొలంలో కోట, గేటుకు తాళం

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఐర్లాండ్ కోటల మీద వ్యాసం చదివాను. ట్రిమ్, బ్లార్నీ, క్యాషెల్ ఫొటోలు బాగున్నాయి. కానీ అవన్నీ టికెట్ కొని చూసేవి. ఏడేళ్లుగా లీష్ కౌంటీలో నర్సుగా పనిచేస్తున్నాను. డ్యూటీకి వెళ్తూ నేను చూసే కోటలు వేరు. పొలం మధ్యలో మొండి గోడలు, చుట్టూ ఆవులు, నెత్తిన ఐవీ తీగ. బోర్డు ఉండదు, టికెట్ ఉండదు. ఈ దేశంలో ఎక్కువ భాగం ఇలాంటివే.

ఇవి రాజులవి కావు. స్థానిక దొరలు, భూస్వాములు 15, 16 శతాబ్దాల్లో కట్టుకున్న బురుజు ఇళ్లు. నాలుగైదు అంతస్తులు, బారెడు మందం గోడలు. చాలావాటిలో గుమ్మం దాటగానే నెత్తిమీద ఒక కన్నం ఉంటుంది, చొరబడినవాడి మీద పైనుంచి రాళ్లు వేయడానికి. 1429లో ఇంగ్లండ్ రాజు ఆరో హెన్రీ ప్రభుత్వం డబ్లిన్ చుట్టుపక్కల నాలుగు కౌంటీల్లో కనీసం 20 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు, 40 అడుగుల ఎత్తున బురుజు కట్టుకున్నవాళ్లకు 10 పౌండ్లు ఇస్తామంది. ఇళ్లకు సబ్సిడీ అప్పుడే మొదలైందన్నమాట!

మా ఇంటికి నాలుగు కిలోమీటర్లలో అలాంటిదొకటి ఉంది. లోపలికెళ్లి తలెత్తి చూస్తే కప్పుకు అంటుకున్న సున్నంలో తడిక అచ్చు కనిపిస్తుంది. ఇప్పుడు మనం శ్లాబుకు సెంట్రింగ్ కొట్టినట్టు, వాళ్లు కమాను కింద అల్లిన తడిక ఆనించి, దానిమీద సున్నం పరిచి రాళ్లు పేర్చారు. తర్వాత తడిక తీసేశారు. పుల్లల అల్లిక మాత్రం అలాగే నిలిచిపోయింది, ఒక్కో పుల్లా లెక్కపెట్టొచ్చు. మొదటిసారి చూసినప్పుడు నరసరావుపేట దగ్గర మా అమ్మమ్మ వాళ్ల పాక గుర్తొచ్చి, మెడ పట్టేసేదాకా అలాగే నిలబడ్డాను.

అసలు సంగతికొస్తా. ఆ కోట ఒక రైతు పొలంలో ఉంది. మేం గేటు తీసుకుని, మళ్లీ వేసి వెళ్లొచ్చేవాళ్లం. ఆయన ఏమీ అనేవాడు కాదు. పోయిన వేసవిలో మనవాళ్లే కొందరు కుర్రాళ్లు రీల్ కోసం గోడెక్కారు. ఒక రాయి ఊడిపడింది. అదృష్టం కొద్దీ ఎవరికీ తగల్లేదు. పోతూ పోతూ గేటు తీసిపెట్టి పోయారు, దూడలు రోడ్డెక్కాయి. మర్నాటికి గొలుసు, తాళం. ఆయన్ని నేను తప్పు పట్టలేను.

ఇక్కడ యజమాని ఒప్పుకోకుండా పొలంలోకి వెళ్లే హక్కు ఎవరికీ లేదు. ఆ రైతుకున్న చిక్కు ఇంకా పెద్దది. కోటను పడగొట్టలేడు, సొంతంగా బాగుచేయించనూ లేడు. 1994 చట్టం ప్రకారం ప్రభుత్వ జాబితాలో ఉన్న కట్టడం దగ్గర ఏ పని చేయాలన్నా రెండు నెలల ముందే రాతపూర్వకంగా తెలియజేయాలి. పోనీ అని సిమెంటు పూస్తే నీళ్లు లోపలే చిక్కుకుని, చలికి గడ్డకట్టి, రాయే పగులుతుంది. సున్నమే కావాలి, మన పాత మేస్త్రీలు డంగు సున్నం వాడినట్టు. ఐవీ తీగ పీకేద్దామంటే సందుల్లోకి దిగిన వేళ్లతో పాటు గోడా వచ్చేస్తుంది. అనుమతి లేకుండా వచ్చి దెబ్బ తగిలించుకున్నవాళ్ల విషయంలో యజమాని బాధ్యతను 1995 చట్టం చాలావరకు తగ్గించింది. అయినా లాయరు నోటీసు అంటే ఎవరికి టెన్షన్ ఉండదు?

2020 నుంచి కమ్యూనిటీ మాన్యుమెంట్స్ ఫండ్ అని ఒకటుంది, ప్రైవేటు స్థలాల్లోని కట్టడాలకూ డబ్బిస్తారు. మంచిదే. కానీ తెల్లారితే పాలు పితికే మనిషి నిపుణుల చుట్టూ, కౌన్సిల్ చుట్టూ తిరిగి దరఖాస్తు పెట్టగలడా? ఆ పని కౌన్సిలే నెత్తికెత్తుకోవాలి. నడకదారులు చూసుకునే రైతులకు 2008 నుంచి వాక్స్ స్కీమ్ కింద డబ్బు ముడుతోంది. అదే లెక్కన గేటు నుంచి కోట దాకా ఉన్న దారికీ ఇస్తే తాళాలు చాలావరకు ఊడతాయని నా నమ్మకం.

ఇదంతా ఇక్కడి పేపర్‌కి కాకుండా మీకెందుకు రాస్తున్నానంటే, ఏటా సెప్టెంబరులో చదువులకు దిగే మన పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు చదివేది మీ పేపరే. కోట చూడాలనుంటే ముందు ఆ పొలం వాళ్ల ఇంటి తలుపు తట్టి అడగండి. గేటు ఎలా ఉంటే అలాగే వదలండి. గోడ ఎక్కొద్దు. అడిగే ఓపిక లేకపోతే మా జిల్లాలోనే రాక్ ఆఫ్ డునమేజ్ అనే గుట్ట మీద పాత కోట ఉంది. ఇక్కడి లెన్‌స్టర్ ప్రాంతపు రాజు కూతురు ఈఫాను 1170లో పెళ్లాడాక, స్ట్రాంగ్‌బో అనే నార్మన్ దొర చేతికొచ్చిన గుట్ట అది. ప్రభుత్వమే చూసుకుంటుంది, టికెట్ లేదు. గాలి మాత్రం మనిషిని తోసేస్తుంది, జాకెట్ వేసుకోండి.

పోయిన ఆదివారం ఆ రైతు ఇంటికెళ్లి కుర్రాళ్ల తరఫున సారీ చెప్పాను. కూర్చోబెట్టి టీ ఇచ్చారు. తాళంచెవి మాత్రం ఇవ్వలేదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు
పోర్ట్‌లీష్, ఐర్లాండ్