సైనిక హోదాలపై తప్పుడు సమాచారం

సైనిక దళాల అత్యున్నత హోదాల గురించి పోటీ పరీక్షల గైడ్లు తప్పులు అచ్చేస్తున్నాయి. మూడు దళాల సమన్వయం చూసే చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్‌ది ఐదు నక్షత్రాల హోదా అని రాసిన పుస్తకాలు మా ఊరి గ్రంథాలయంలోనే కనిపించాయి. 2020లో మొదలైన ఆ పదవి నాలుగు నక్షత్రాలదే; సైన్యంలో జనరల్, నౌకాదళంలో అడ్మిరల్, వైమానిక దళంలో ఎయిర్ చీఫ్ మార్షల్ హోదాలతో సమానం. ఐదు నక్షత్రాల గౌరవం మన దేశంలో ముగ్గురికే దక్కింది: 1973లో మానెక్‌షా, 1986లో కరియప్ప ఫీల్డ్ మార్షళ్లయ్యారు, 2002లో అర్జన్ సింగ్ వైమానిక దళ మార్షల్ అయ్యారు. నౌకాదళంలో ఇంతవరకు ఎవరికీ రాలేదు. సైన్యంలో చేరాలని కష్టపడి చదివే పల్లెటూరి పిల్లలు ఇలాంటి తప్పులు బట్టీపట్టి మార్కులు పోగొట్టుకోవడం అన్యాయం. రక్షణ శాఖ మూడు దళాల హోదాల పట్టికను తెలుగులో విడుదల చేయాలి. ప్రచురణకర్తలు పాత ముద్రణలను వెంటనే సరిదిద్దాలి.