నల్లా రాని రోజు ఖర్చు ఎవరిది? మన మహిళా సంఘం వార్షిక నివేదిక, 2025–26

అక్కాచెల్లెళ్లకు, సంఘం పెద్దలకు నమస్కారం.

2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి వరకు మన సంఘం చేసిన పనుల నివేదిక ఇది. ప్రతి ఏడూ బతుకమ్మ, కుట్టు క్లాసులు, పిల్లల ఫీజులు ముందు రాసి, నీళ్ల గొడవ చివర్లో రెండు ముక్కల్లో చెప్పేవాళ్లం. ఈసారి వరస మార్చమని కార్యవర్గం చెప్పింది. ఏ సమావేశం పెట్టినా మాట తిరిగి తిరిగి నగర పరిషత్ (మన మున్సిపాలిటీ) తగ్గించిన ఖర్చుల దగ్గరికే వచ్చింది కాబట్టి, ఆ సంగతే ముందు.

మనది మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలో తెలంగాణ సరిహద్దును ఆనుకున్న చిన్న పట్టణం. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్, ఎటు పోయినా మనలాంటి తెలుగు ఇళ్లు ఉన్నాయి. మన సభ్యుల్లో ఎక్కువ మంది మిరప గోదాముల్లో, పత్తి చేలల్లో కూలికి పోయేవాళ్లు, ఇళ్లలో పాచిపని చేసేవాళ్లు, కూరగాయల బండి పెట్టుకున్నవాళ్లు. ఈ ఏడాది మన గల్లీలకు ఎండాకాలం ట్యాంకర్లు తగ్గాయి. మరుగుదొడ్డి ఊడ్చే మనుషులు తగ్గారు. వెనక వీధుల్లో లైటు పోతే బాగుచేసేవాళ్లు లేరు. పరిషత్ దవాఖానాలో చీటీ రాసి మందులు బయట కొనుక్కోమంటున్నారు. పరిషత్ కాగితాల్లో ఇదంతా పొదుపు. కానీ ఆ ఖర్చు మాయం కాలేదు, మన ఇళ్లకు చేరింది. ఇంట్లో కూడా ఆడవాళ్ల సమయంలోకి, వాళ్ల కూలి డబ్బుల్లోకి చేరింది. అలా చేరిన ఖర్చును రాసి పెట్టడమే ఈ ఏడాది సంఘం చేసిన ముఖ్యమైన పని.

నీళ్ల పుస్తకం

రోజు విడిచి రోజు వచ్చే నల్లా ఎండాకాలంలో నాలుగు రోజులకోసారి అయింది. ఎప్పుడు వస్తుందో చెప్పేవాళ్లు లేరు. అందుకని గల్లీకో నోటు పుస్తకం పెట్టాం. నల్లా ఎప్పుడొచ్చింది, ఎంతసేపు వచ్చింది, ఎవరు పట్టారు, దానికోసం ఏ పని మానుకున్నారు, నీళ్లు కొన్నారా, ఇవే గడులు. పదో తరగతి, ఇంటర్ చదివే మన పిల్లలే రాశారు. "ఎవరు పట్టారు" అనే గడిలో మగవాళ్ల పేర్లు చాలా అరుదు. తల్లి, కోడలు, పెద్దమ్మాయి, అంతే. బడి మానుకున్నది కూడా అన్నిసార్లూ ఆడపిల్లే.

ఇది మన గల్లీ ఒక్కదాని సంగతి కాదు. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం దేశంలో జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతున్నారు, ఆ పని చేసే మగవాళ్లు 88 నిమిషాలు. ట్యాంకరు ఆగిపోతే పెరిగేది ఆ 289 నిమిషాలే. నగర పరిషత్ బడ్జెట్‌లో ఈ నిమిషాలకు ఎక్కడా పద్దు లేదు.

పుస్తకంలోని ఒక ఇంటి లెక్క సభ్యులందరూ చూడాలి. ఇంట్లో ఐదుగురు. 200 లీటర్ల డ్రమ్ములు రెండు. మూడోది పెట్టడానికి చోటు లేదు. నాలుగు రోజులకు 400 లీటర్లు, అంటే మనిషికి రోజుకు 20 లీటర్లు. పైపు నీళ్లు ఉండి భూగర్భ డ్రైనేజీ లేని పట్టణాలకు కేంద్రం పెట్టిన కొలత మనిషికి రోజుకు 70 లీటర్లు. మెయిన్ రోడ్డు మీది ఇళ్లలో సంపు ఉంది, మోటారు ఉంది, పైన ట్యాంకు ఉంది. నాలుగు రోజులకోసారి వచ్చినా వాళ్లకు గడుస్తుంది. ఊరందరికీ ఒకేలా కోత పెట్టాం అని పరిషత్ ముఖ్యాధికారి చెప్పినప్పుడు మేం ఈ పేజీనే ముందు పెట్టాం. నీళ్లు దాచుకునే జాగా ఉన్నవాళ్లకు, లేనివాళ్లకు ఒకే కోత ఒకేలా ఎలా తగులుతుంది?

మన సభ్యురాలు ఒకామె మిరప గోదాములో తొడిమలు తీస్తుంది. కిలోల లెక్కన కూలి. సాయంత్రానికి మణికట్టు దాకా చేతులు మండుతుంటాయి. ఇంటికొచ్చాక కొబ్బరినూనె రాసుకుని, సబ్బుతో రెండు మూడుసార్లు కడిగితే గానీ ఆ మంట దిగదు. ఆ చేతులు కడిగేదాకా చంటిపిల్లను ముట్టుకోవడానికి భయం, కళ్లకు తగిలితే ఏడుపు ఆగదు. నల్లా రాని మూడో రోజు డ్రమ్ము అడుగున మిగిలిన నీళ్లు వంటకు, తాగడానికి. "బిడ్డ నన్ను చూసి చేతులు చాపుతది, నేను దూరం కూసుంట అక్కా" అని సమావేశంలో చెప్పింది. మిరప పని జోరుగా ఉండేది, నీళ్లకు కటకట పడేది ఒకే నెలల్లో. నల్లా పొద్దున పదింటికి వస్తుందని తెలిస్తే ఆమె గోదాముకు పోదు, ఆ రోజు కూలి పోతుంది. పోతే నీళ్లు పోతాయి. రెండూ కావాలంటే ప్రైవేటు ట్యాంకరు దగ్గర డ్రమ్ము నింపించుకోవాలి. పానీపట్టీ (నీటి పన్ను) మాత్రం ఏడాదికి ఏడాది పూర్తిగా కట్టాల్సిందే.

పుస్తకాల నకళ్లు జతచేసి అర్జీ ఇచ్చాం. నల్లా వచ్చే రోజు, వేళ ముందురోజే చెప్పడం ఇప్పుడు మొదలైంది. వాల్వు తిప్పే అతను గల్లీ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెడుతున్నాడు. నీళ్లు పెరగలేదు గానీ టెన్షన్ తగ్గింది, కూలి రోజులు కొన్ని మిగిలాయి. పరిషత్‌కు దీనికి పైసా ఖర్చు కాలేదు. ట్యాంకర్లు మాత్రం పాత లెక్కకు రాలేదు.

మరుగుదొడ్డి

స్వచ్ఛ భారత్ నియమం ప్రకారం సామూహిక మరుగుదొడ్లలో 35 మంది మగవాళ్లకు ఒక సీటు, 25 మంది ఆడవాళ్లకు ఒక సీటు ఉండాలి. మన దగ్గర సీట్లు ఉన్నా, తలుపు గడియ పడేవి, నీళ్లు ఉండేవి తక్కువ. కాంట్రాక్టు తగ్గించాక కాపలా మనిషి పోయాడు, రాత్రి తాళం పడుతోంది. దాంతో సాయంత్రం నుంచి నీళ్లు తాగడం మానేసిన ఆడవాళ్లు ఉన్నారు. మూత్రంలో మంటతో దవాఖానాకు పోతే మందులు బయట కొనుక్కోవాలి. ఒక కోత ఇంకో కోతను ఎలా పెంచుతుందో ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి కూడా రాయాలి. కాంట్రాక్టరు పనిలోంచి తీసేసిన ఊడ్చేవాళ్లలో మన సభ్యులూ ఉన్నారు. అంటే వాళ్లకు వాడుకోవడానికి మరుగుదొడ్డి పోయింది, బతకడానికి పనీ పోయింది. పరిషత్ ఎక్కడ ఖర్చు తగ్గించినా ముందు పోయేవి ఇలాంటి కాంట్రాక్టు పనులే, వాటిలో ఉండేది ఎక్కువగా పేదింటి ఆడవాళ్లే.

సంఘం డబ్బుతో గొళ్లేలు, బల్బులు వేయిద్దామా వద్దా అని కార్యవర్గంలో గట్టిగానే వాదన జరిగింది. మనమే వేసుకుంటే పరిషత్ ఇక ఎప్పటికీ వేయదని కొందరు, అప్పటిదాకా ఆడపిల్లలు చీకట్లో పోవాలా అని కొందరు. ఇద్దరి మాటా నిజమే. చివరికి వేయించి, రసీదులు జతచేసి, ఈ ఖర్చు మీది అని పరిషత్‌కు రాసి ఇచ్చాం. డబ్బు తిరిగి రాలేదు. కానీ ఆ కాగితం మీద ఇన్‌వర్డ్ నంబరు (అందినట్టు పరిషత్ వేసే నంబరు) పడింది, వచ్చే బడ్జెట్ సమయంలో అది పనికొస్తుంది. రాత్రి తాళం తీయించడం ఇంకా మన చేతికి రాలేదు.

బడ్జెట్ చదివాం

సమాచార హక్కు కింద పది రూపాయల అర్జీతో పరిషత్ బడ్జెట్ తెప్పించుకున్నాం. మరాఠీలో ఉన్న ఆ పుస్తకాన్ని డిగ్రీ చదివే మన అమ్మాయిలు ఆదివారాలు మందిరం మండపంలో కూర్చుని ఒక్కో పద్దు చదివి తెలుగులో చెప్పారు. అక్షరం రాని పెద్దమ్మలు అడిగిన ప్రశ్నలే అన్నిటికంటే పదునుగా ఉన్నాయి.

న్యాయంగా చెప్పాలంటే పరిషత్‌కు డబ్బు కటకట నిజమే. మహారాష్ట్రలో చిన్న పట్టణాలకు జకాత్ (ఊళ్లోకి వచ్చే సరుకు మీద పన్ను) 1999లోనే పోయింది. అప్పటి నుంచి జీతాలకు కూడా రాష్ట్రం ఇచ్చే సహాయం వైపే చూడాలి. సొంతంగా వచ్చేవి ఘర్‌పట్టీ (ఇంటి పన్ను), పానీపట్టీ, దుకాణాల అద్దెలు. 1992లో వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థల కోసం 18 పనుల జాబితా పెట్టింది, డబ్బు మాత్రం ఆ లెక్కన రాలేదు. దేశంలోని పురపాలికలన్నిటి ఆదాయం కలిపినా జాతీయాదాయంలో ఒక శాతం దగ్గరే ఏళ్ల తరబడి ఆగిపోయిందని రిజర్వు బ్యాంకు 2022 నివేదికలో రాసింది. బ్రెజిల్‌లో అది ఏడు శాతం పైన.

దీనికి తోడు 2025 డిసెంబర్ దాకా ఎన్నికలు లేవు. గడువు ముగిసిన పరిషత్‌లను ప్రశాసకులే (ప్రభుత్వం పెట్టిన అధికారులే) నడిపారు. 15వ ఆర్థిక సంఘం 2021–26కు ఇచ్చిన గ్రాంటులో మనలాంటి పట్టణాలకు 60 శాతం నీళ్లు, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలనే నియమం ఉండేది. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే ఆ గ్రాంటు ఆగిపోయేది. అంటే ఎన్నికలు ఆలస్యమైతే దెబ్బ నేరుగా తగిలేది మన నల్లాకు, మన మరుగుదొడ్డికి. ఈ సంబంధం మనలో చాలా మందికి ఆ మండపంలోనే మొదటిసారి అర్థమైంది.

డబ్బు తక్కువైనప్పుడు దేన్ని ఆపాలి, దేన్ని ఉంచాలి అన్నది మాత్రం మనుషులు తీసుకునే నిర్ణయం. అదే పుస్తకంలో చౌరస్తా సుందరీకరణకు, స్వాగత కమానుకు పద్దులు అలాగే ఉన్నాయి. ట్యాంకర్ల పద్దు తగ్గింది. ఈ నిర్ణయం జరిగిన గదిలో మన ఆడవాళ్లెవరూ లేరు. అది మారాలి.

2025 డిసెంబర్‌లో రాష్ట్రమంతా నగర పరిషత్ ఎన్నికలు జరిగాయి. మన సంఘం ఏ పార్టీ పక్షమూ తీసుకోలేదు. ఓటు అడగడానికి గల్లీకి వచ్చిన ప్రతి అభ్యర్థికీ నీళ్ల పుస్తకం చూపించి, ట్యాంకర్లు, మరుగుదొడ్డి గురించి రాతపూర్వకంగా మాట అడిగాం. కొందరు సంతకం పెట్టారు, కొందరు తప్పించుకున్నారు. సగం సీట్లు ఆడవాళ్లవే కాబట్టి గెలిచిన నగర్‌సేవికలను (మహిళా కౌన్సిలర్లను) మండపానికి పిలిచి పుస్తకాలు అప్పగించాం. వాళ్లలో ఒకరిద్దరు తమ బదులు భర్తలను పంపారు. ఆ భర్తలను మర్యాదగా కూర్చోబెట్టి, మీ ఆవిడ వచ్చిన రోజే మాట్లాడతాం అని చెప్పాం. తర్వాత ఆ నగర్‌సేవికలే వచ్చారు, బాగా మాట్లాడారు కూడా.

పుణెలో 2006 నుంచి పౌరులే తమ వార్డు పనులను బడ్జెట్‌లో పెట్టమని అడిగే పద్ధతి ఉంది. అది మహానగరం, మనది చిన్న ఊరు. చిన్న ఊళ్లో ఇది ఇంకా తేలిక కావాలి.

పొదుపు గుంపులు

పట్టణ పేదల కోసం 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ గడువు 2024 సెప్టెంబర్‌తో ముగిసింది. గుంపుకు 10,000 రూపాయల రివాల్వింగ్ ఫండ్ (సభ్యులు అప్పులుగా తిప్పుకునే మూలధనం) దానివల్లే వచ్చేది, బ్యాంకుకు తోడొచ్చే మనిషి ఉండేది. ఆ మనిషి ఇప్పుడు లేదు. ఆ ఖాళీలోకి వారంవారం కిస్తీ వసూలు చేసే ప్రైవేటు అప్పులవాళ్లు వచ్చారు. కొత్త గుంపుల బ్యాంకు కాగితాల పనిని ఈ ఏడాది మన కోశాధికారి, ఇద్దరు సభ్యులు భుజాన వేసుకున్నారు. వాళ్లకు సంఘం తరఫున మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

లాడ్‌కీ బహీణ్ (ఆడవాళ్లకు రాష్ట్రం నెలనెలా డబ్బిచ్చే పథకం) కింద నెలకు 1,500 వస్తున్నాయి కదా, ఇంకేం కావాలి అని పరిషత్‌లో ఒకరు అన్నారు. ఆ డబ్బు మనకు నిజంగా అక్కరకొచ్చింది, కాదనడం లేదు. అయితే అందులో కొంత డ్రమ్ము నీళ్లకు, కొంత బయట మందులకు పోతోందని మన పుస్తకాలే చెబుతున్నాయి. చేతికి డబ్బు ఇవ్వడం వేరు, గల్లీకి నీళ్లు ఇవ్వడం వేరు. ఒకటి ఇచ్చామని రెండోది ఆపకూడదు. 2018లో మన సరిహద్దు గ్రామాలవాళ్లు కొందరు తెలంగాణలో కలపమని అడిగినా, మన సభ్యులు నిజామాబాద్ చుట్టాలతో పోల్చుకుని బాధపడినా, దాని వెనక ఉన్నది ఇలాంటి రోజువారీ అవసరాలే.

మిగతా పనులు

బతుకమ్మ తొమ్మిది రోజులూ బాగా జరిగింది. వీధిలైట్లు లేని చోట ఇళ్లవాళ్లే బల్బులు వేలాడదీశారు. కుట్టు క్లాసులు నడుస్తున్నాయి, పాత మిషన్లు బాగుచేయించాం. పిల్లల ఫీజుల సాయం ఎప్పటిలాగే ఇచ్చాం. జమాఖర్చుల పట్టీని సర్వసభ్య సమావేశంలో చదివి అందరికీ పంచుతాం.

వచ్చే ఏడాది

నీళ్ల పుస్తకం ఆపొద్దు. వానాకాలంలో కూడా రాయాలి, అప్పుడే ఎండాకాలం తేడా చూపించగలం. మరుగుదొడ్డికి ఇంకో పుస్తకం మొదలుపెడుతున్నాం. బడ్జెట్ తయారీ చలికాలంలో మొదలవుతుంది కాబట్టి, దీపావళి దాటగానే మన కోరికల కాగితం పరిషత్ మహిళా, బాలకల్యాణ సమితి చేతిలో ఉండాలి. అందులో మూడే అడుగుదాం: డ్రమ్ములు తప్ప నిల్వ లేని గల్లీలకు ట్యాంకరు కోత పెట్టకూడదు, మరుగుదొడ్డి రాత్రంతా తెరిచి ఉండాలి, తీసేసిన ఊడ్చేవాళ్లను తిరిగి తీసుకోవాలి. ఇంకేమైనా చేర్చాలంటే గల్లీ ప్రతినిధికి చెప్పండి. సభ్యత్వ రుసుము పెంచడం లేదు. బకాయి ఉన్నవాళ్లు సర్వసభ్య సమావేశం రోజునే కోశాధికారికి కట్టవచ్చు. ఆ రోజు పుస్తకాలు రాసిన పిల్లలు కూడా తమ నోటు పుస్తకాలతో రావాలి.

కార్యదర్శి, కార్యవర్గం తరఫున