ఐస్ హౌస్‌కి ఐసు పంపిన ఊరి నుంచి

కేంబ్రిడ్జ్, మాసచూసెట్స్
మార్చి ఆఖరి ఆదివారం

ఒరేయ్ సత్యం,

వచ్చి మూడు వారాలైనా నాలుగు ఫోటోలు తప్ప మాట లేదని అలిగావట. చెల్లెమ్మ ఫోన్లో చెప్పింది. అలగకురా. నీకూ నాకూ మాత్రమే రుచి తెలిసే సంగతి ఒకటి ఇక్కడ దొరికింది. అది ఫోన్లో తేలేది కాదు, తీరుబడిగా కూర్చుని రాయాలని ఆగాను. అక్కడిదాకా రావాలంటే ముందు ఈ ఊరి చలి దాటి రావాలి, కాస్త ఓపిక పట్టు.

వసంతంలో రండి నాన్నా, బాగుంటుంది అని పిలిచింది మా అమ్మాయి. చెట్టు మీద ఒక్క ఆకు లేదు. పొద్దున రెండు మూడు డిగ్రీలు, మధ్యాహ్నం ఎండ బాగా కాస్తే ఎనిమిదో తొమ్మిదో. ఆ ఎండని నమ్మి స్వెటర్ విప్పామా, చార్లెస్ నది మీంచి వచ్చే గాలి ఎముకల్లోకి దిగుతుంది. మేం వచ్చిన వారంలోనే, మార్చి రెండో ఆదివారం, దేశంలో దాదాపు అంతటా గడియారాలు గంట ముందుకి తిప్పారు. దాంతో ఇప్పుడు సాయంత్రం ఏడింటికి కూడా వెలుగుంటోంది. ఆ వెలుగు కోసం జనం ఎంత మొహం వాచిపోయి ఉన్నారో చూస్తే తెలుస్తుంది. కాస్త ఎండ పడితే చాలు, మెట్ల మీద, బెంచీల మీద, గోడకి చేరబడి, కళ్ళు మూసుకుని మొహం ఎండకి పెట్టి కూర్చుంటారు. మనం నీడ వెతుక్కునే జాతి కదా, మొదటి రోజు నాకది వింతగా ఉంది. నాలుగో రోజుకి నేనూ వాళ్ళ పక్కన కూర్చున్నాను.

ఉగాది నాడు పొద్దున్నే కిటికీ తెర తీస్తే మంచు పడుతోంది. దూది ఏకినట్టు, చప్పుడు లేకుండా. ఇండియన్ దుకాణంలో మామిడికాయ దొరికింది. వేపపువ్వు మీ వదిన ఇంటి దగ్గర ఎండబెట్టి పొట్లం కట్టి తెచ్చింది. చెరకు ముక్క ఒక్కటే తక్కువ. పచ్చడి నోట్లో పెట్టుకుని మనవరాలు, "తాతా, ఉగాదికి కోయిల కూస్తుందన్నావు కదా, ఇక్కడ ఏది కూస్తుంది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు వెతుక్కుంటూనే రోజూ పొద్దున్న నడకకి బయల్దేరాను, నీకు చెప్పాలనుకున్న సంగతి ఆ నడకలోనే దొరికింది.

అన్నట్టు ఒకటి మర్చిపోతానేమో. సౌత్ బోస్టన్‌లో ఒక వీధిలో రోడ్డు పక్కన ఊరికే పాత కుర్చీ ఒకటి కనబడింది. ఏమిటని అల్లుణ్ణి అడిగితే చెప్పాడు. పెద్ద మంచు పడ్డాక ఎవరు గంటసేపు పార పట్టి కారు నిలిపే చోటు తవ్వుకుంటారో, కారు బయటికి తీసినప్పుడు అక్కడ కుర్చీయో, చెత్తబుట్టో, ఇస్త్రీ బల్లో పెట్టి వెళ్తారట. ఇంకెవరూ దాన్ని ముట్టుకోరట. మనం సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లో కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకోలేదూ! మనిషి ఎక్కడైనా ఒక్కటేరా.

మా అమ్మాయి ఇంటికి పది నిమిషాల నడకలో ఫ్రెష్ పాండ్ అని ఒక చెరువుంది. చెరువంటే మన ఊరి చెరువు అనుకోకు, 155 ఎకరాలు. చుట్టూ నడకదారి రెండుంపావు మైళ్ళు. వేల ఏళ్ళ కిందట ఈ నేలంతా కప్పిన హిమానీనదం వెనక్కి తగ్గుతూ ఇక్కడో పెద్ద మంచుగడ్డని మట్టిలో వదిలేసి పోయిందట. ఆ గడ్డ కరిగిన గుంటే ఈ చెరువు. ఇప్పుడిది కేంబ్రిడ్జ్ ఊరికి మంచినీళ్ళ చెరువు. ఇంట్లో కుళాయి తిప్పితే వచ్చేవి ఈ నీళ్ళే. మీ వదిన చారు కాచేదీ వీటితోనే.

మొదటిసారి వెళ్ళినప్పుడు అంచుల్లో ఇంకా ఐసు పలక ఉంది. తెల్లగా కాదు, బూడిద రంగులో, నానిన అప్పడంలా. మధ్యలో నీళ్ళు నల్లగా కదులుతున్నాయి. ఎండ పైకి వచ్చేకొద్దీ ఆ పలక లోపల టిక్కుమని, తర్వాత సన్నగా మూలుగుతున్నట్టు చప్పుడు. నిలబడి అరగంట విన్నాను. మర్నాటికి ఆ పలక సగమైంది, నాలుగో నాటికి లేదు. ఈ ఊళ్ళో వసంతం కొమ్మల మీద కాదు, ముందు నీళ్ళలో మొదలవుతుందని అప్పుడు తెలిసింది.

అల్లుడితో ఆ మాట అంటే, "ఈ చెరువు ఐసు ఇండియాకి కూడా వెళ్ళింది మామయ్యా" అన్నాడు. నేను నమ్మలేదు. లైబ్రరీ నుంచి పుస్తకం తెచ్చిచ్చాడు. రెండు రాత్రులు చదివాను.

ఫ్రెడరిక్ ట్యూడర్ అని బోస్టన్ వర్తకుడు. 1806లో ఓడ నిండా ఐసు ఎక్కించి వేడి దేశాలకి అమ్మడానికి కరీబియన్ దీవుల వైపు బయల్దేరితే ఊరంతా పిచ్చివాడన్నారు. నష్టపోయాడు, అప్పులపాలయ్యాడు, అప్పు తీర్చలేక జైలుకి కూడా వెళ్ళాడు. అయినా వదల్లేదు. ఈ ఫ్రెష్ పాండ్ దగ్గరే ఉండే నథానియల్ వైయెత్ అనే ఆయన, గుర్రం లాగే పళ్ళ నాగలి ఒకటి తయారుచేశాడు. గడ్డకట్టిన చెరువు మీద దాన్ని లాగిస్తే చదరంగం బల్లలా గళ్ళు పడతాయి. ఆ గీతల వెంట కోసి, దిమ్మలు తేల్చుకుంటూ ఒడ్డుకి తెచ్చి, రంపపు పొట్టులో పొదిగి నిలవ చేసేవాళ్ళు. 1833 మే నెలలో 'టస్కనీ' అనే ఓడ 180 టన్నుల ఐసుతో బోస్టన్ నుంచి కలకత్తాకి బయల్దేరింది. నాలుగు నెలలు, భూమధ్యరేఖని రెండుసార్లు దాటి. సెప్టెంబరులో చేరేసరికి ఇంకా 100 టన్నుల దాకా మిగిలే ఉంది. ఊహించు! చైత్రంలో నీళ్ళకుండ అడుగున ఇసక పోసి తడి గుడ్డ చుట్టుకునే మనవాళ్ళ మధ్యకి, నాలుగు నెలల సముద్రం దాటి, రంపపు పొట్టులోంచి బయటికొచ్చిన గాజులాంటి దిమ్మ.

కలకత్తా తర్వాత బొంబాయి, మద్రాసు. మూడు చోట్లా ఆ ఐసు నిలవ ఉంచడానికి కట్టడాలు. ఇవాళ్టికి మిగిలింది మద్రాసుదొక్కటే. 1842లో కట్టింది.

ఇప్పుడు లేచి కూర్చున్నావు కదూ? అవునురా, అదే. మన ఐస్ హౌస్!

మద్రాసు ట్రిప్లికేన్‌లో, మేన్షన్ అని పిలిచే బ్రహ్మచారుల లాడ్జీలో, ఆ పదడుగుల గదిలో రెండేళ్ళున్నాం. రోజూ కండక్టరు "ఐసవుస్, ఐసవుస్" అని అరిస్తే దిగేవాళ్ళం. జీతం రోజున సుండల్ పొట్లాలు, అదే మన గుగ్గిళ్ళు, పట్టుకుని ఆ గుండ్రటి మేడ ముందునుంచే మెరీనా ఇసకలోకి నడిచేవాళ్ళం. ఆ పేరెందుకొచ్చిందని ఒక్కసారైనా అడిగామా? ఐసు ఫ్యాక్టరీ ఏదో ఉండేదేమో అనుకున్నాం. ఆ మేడలో పెట్టింది ఈ చెరువుల ఐసురా సత్యం. ఫ్రెష్ పాండ్‌దీ, ఈ చుట్టుపక్కల చెరువులదీ. మర్నాడు పొద్దున చెరువుకి వెళ్ళి నీళ్ళలో చెయ్యి పెట్టాను. వేళ్ళు కొంకర్లు పోయాయి. తియ్యబుద్ధి కాలేదు. ఎదురుగా మన సముద్రం, వెనక ఆ మేడ, నీ చేతిలో సగం తిన్న సుండల్, అన్నీ ఒక్కసారి కళ్ళముందుకొచ్చాయి.

ఇంకో ముక్క ఉంది, విను. ఐసు మరలు వచ్చాక ఆ వ్యాపారం పోయి, మేడ చేతులు మారింది. 1897 ఫిబ్రవరిలో వివేకానందుడు విదేశాల నుంచి మద్రాసు వచ్చినప్పుడు బస చేసింది అక్కడే, తొమ్మిది రోజులు. అది మనకి తెలుసు. తెలియంది ఏమిటంటే, దానికి ఏడాది ముందు, 1896 మార్చి 25న, ఆయన ఇదే కేంబ్రిడ్జ్‌లో హార్వర్డ్ విద్యార్థుల ముందు వేదాంతం మీద ప్రసంగించాడు. ఇదే నెల, ఇవే రోజులు. అంతకుముందు 1893లో, చికాగో సభకి పరిచయపత్రం లేక ఇబ్బంది పడుతున్నప్పుడు ఆయన్ని ఆదుకున్న ప్రొఫెసర్ రైట్ కూడా హార్వర్డ్ ఆయనే. అంటే ఈ ఊరి నుంచి ముందు ఐసు వెళ్ళి ఆ మేడలో ఉంది, తర్వాత ఈ వీధుల్లో నడిచిన మనిషి వెళ్ళి అదే మేడలో ఉన్నాడు. హార్వర్డ్ యార్డ్‌లో నడుస్తున్నంతసేపూ నాకు ఇదే ధ్యాస. మిగతావాళ్ళు జాన్ హార్వర్డ్ విగ్రహం బూటు ముట్టుకుని ఫోటోలు దిగుతున్నారు. నేను ఇటుకల దారిలో మార్చి బురద చూస్తూ, కాషాయం కట్టిన మనిషి ఈ గాలికి ఎలా తట్టుకున్నాడో అనుకుంటూ నిలబడ్డాను.

ఇంక చేపల సంగతి. నువ్వు గోదావరివాడివి, నీకు చెప్పకపోతే పాపం.

ఇక్కడి మెట్రోని 'టీ' అంటారు. అమెరికాలో మొట్టమొదటి భూగర్భ రైలు బోస్టన్‌దే, అదీ 1897లోనే మొదలైంది. మేం ఎక్కేది రెడ్ లైన్. దాని చివరి స్టేషన్ పేరు ఏల్‌వైఫ్. ఎవరో దొరసాని పేరనుకున్నాను. కాదట, అది ఒక చేప. పక్కన పారే వాగుకి ఆ చేప పేరు, వాగు పేరు స్టేషన్‌కి. సముద్రంలో పెరిగి, ఏప్రిల్ మే నెలల్లో గుడ్లు పెట్టడానికి మిస్టిక్ నదిలోకి ఎదురీదుతుంది. ఇప్పుడు చెప్పు, ఏం గుర్తొచ్చింది? పులసే! నిజంగానే చుట్టాలు. మనది ఎర్రనీళ్ళు రాగానే గోదాట్లోకి ఎదురొస్తుంది, వీళ్ళది మంచు కరిగాక వస్తుంది. ఇదీ ముళ్ళ చేపే. పుస్తెలమ్మి తినేంత రుచి మాత్రం దీనికి ఎవరూ చెప్పలేదు.

నన్ను కదిలించింది ఇంకొకటి. చేపలు తగ్గిపోతే ఈ రాష్ట్రంలో వాటిని పట్టడమే నిషేధించారు. నదికి అడ్డంగా ఉన్న ఆనకట్ట దగ్గర చేపలు ఎక్కి వెళ్ళడానికి మెట్లు కట్టారు. ఆ నెలల్లో మామూలు జనం, బడిపిల్లలు, ముసలివాళ్ళు వంతులు వేసుకుని గట్టున నిలబడి ఎన్ని వెళ్ళాయో ఒక్కొక్కటీ లెక్కపెడతారట. ధవళేశ్వరం దగ్గర పులస కోసం వేలం పాట చూశాం గానీ, పులసని లెక్కపెట్టే మనిషిని చూశామా? ఒక చేప రావాలని ఊరంతా ఎదురుచూడటం, అదీ తినడానికి కాదు, అది గొప్ప సంగతిరా. మన దగ్గరా జరగాలి. నువ్వు రిటైరయ్యి ఖాళీగా ఉన్నావు, మీ బడి కుర్రాళ్ళని పోగెయ్యి, నేనొస్తాను.

మేపుల్ చెట్ల పని కూడా చూశాం, ఊరి బయట ఒక తోటలో. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే ఈ నాలుగు వారాల్లోనే చెట్టులో నీరు కదులుతుంది. కాండానికి చిన్న చిల్లు, గొట్టం, కింద బకెట్. అచ్చం తాటినీరా, కాకపోతే చెట్టెక్కక్కర్లేదు. 40 బకెట్ల నీరు మరిగిస్తే ఒక్క బకెట్ పాకం. ఆ ఆవిరి వాసనకి నాకు అనకాపల్లి బెల్లం గుర్తొచ్చింది, మీ వదినకి వాళ్ళ అమ్మమ్మ వండే జున్ను గుర్తొచ్చింది. నీకొక సీసా కొన్నాను. పెసరట్టులోకి వద్దు, మినపట్టులోకి బాగుంటుంది, నేను చూశాను.

బోస్టన్ పబ్లిక్ గార్డెన్‌కీ వెళ్ళాం. హంస పడవలు 1877 నుంచి నడుస్తున్నాయట, అవి ఏప్రిల్ మధ్యలో గానీ రావు. చెరువులో నీళ్ళు కూడా తీసేసి ఉన్నాయి. గట్టు మీది విల్లో చెట్లకి మాత్రం పసుపు తాడు కట్టినట్టు రంగొచ్చింది. ఆకు కాదు, కొమ్మకే రంగు. అదొక్కటి చూసి వచ్చేశాం, చాలనిపించింది.

మనవరాలి ప్రశ్నకి జవాబు మొన్న దొరికింది. ఫ్రెష్ పాండ్ పక్కన జమ్ముగడ్డిలో నల్లటి పిట్ట, భుజం మీద ఎర్ర మచ్చ, దాని కింద పసుపు గీత. ఎండురెల్లు కొసన కూర్చుని రెక్కలు విప్పి, తలుపు బందు కీచుమన్నట్టు అరిచింది. కోయిల గొంతు కాదు. కానీ చలికి దక్షిణాదికి పోయి, అందరికంటే ముందు తిరిగొచ్చేది అదేనట. పిల్లని తీసుకెళ్ళి చూపించాను. "ఇదా మన కోయిల?" అంది. "ఈ ఊరికి ఇదే" అన్నాను. ఇప్పుడు రోజూ బడికెళ్ళే ముందు కిటికీ దగ్గర దాని అరుపు అరిచి చూపిస్తోంది.

తిరుగు టికెట్టు మే రెండో వారం. హైదరాబాదుకి కాకుండా చెన్నైకి మార్పించాను. నువ్వు రాజమండ్రిలో సర్కార్ ఎక్కు, పొద్దుటికల్లా దిగుతావు. ఆ మేడ ఇప్పుడు రామకృష్ణ మఠం వాళ్ళ చేతిలో ఉంది, లోపలికి రానిస్తారు. రెండేళ్ళు దాని ముందునుంచి నడిచాం గానీ ఒక్కసారీ గడప దాటలేదు. లోపల ఆ గుండ్రటి గోడల మధ్య కాసేపు నిలబడదాం. నేను ఫ్రెష్ పాండ్ నీళ్ళు ఒక చిన్న సీసాలో పట్టి పెట్టెలో పెట్టుకుంటున్నాను, మీ వదినకి చెప్పకు. ఆ తర్వాత సుండల్ నీ వంతు.

చెల్లెమ్మని అడిగానని చెప్పు. మోకాలికి ఆ కట్టు తీసేశారా? టికెట్టు ఇప్పుడే చేయించు, వేసవి సెలవులు, తర్వాత దొరకదు.

నీ
శేషు