గ్రామఫోన్ మరమ్మతు కిట్‌లోని లోపాలు, తప్పుడు సూచనలపై ఫిర్యాదు

అమలాపురం,
కోనసీమ జిల్లా.

అమ్మకాల విభాగం మేనేజరు గారికి,

నమస్కారం. కీ గ్రామఫోన్ల కోసం మీ దగ్గర కొన్న మరమ్మతు కిట్ గురించి మేం రాసిన మొదటి ఉత్తరానికి మీ జవాబు అందింది. “మీది డెల్టా ప్రాంతం, తేమ ఎక్కువ, అందువల్ల పాడై ఉంటుంది” అన్నారు. తేమ సంగతి మాకు కొత్త కాదు. కాలవగట్టు ఇళ్లలో పెట్టె పైచెక్క పొర లేస్తుంది, స్ప్రింగు తుప్పు పడుతుంది, పాత జింకు పోత భాగాలు ఉబ్బి బీటలిస్తాయి. వాటికి మిమ్మల్ని ఏమీ అనడం లేదు. కింద రాసినవి మాత్రం తేమ వల్ల వచ్చినవి కావు.

ముందుగా ప్లేటు మీద పెట్టి, ట్యూబ్‌లైటు వెలుగులో వేగం సరిచూసే గీతల చక్రం. మన కరెంటు సెకనుకు 50 సైకిళ్లది. ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు, అంటే నిమిషానికి 6000 సార్లు మినుకుతుంది. ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరిగేటప్పుడు గీతలు కదలనట్టు కనబడాలంటే చక్రం మీద 77 గీతలుండాలి. మీ చక్రం మీద 92 ఉన్నాయి. అది అమెరికాలోని 60 సైకిళ్ల కరెంటుకు చేసింది. దాన్ని నమ్మి, మోటారు వేగాన్ని అదుపుచేసే గవర్నర్ తిప్పితే ప్లేటు 65 చుట్ల దగ్గర నిలుస్తుంది. నాలుగు శ్రుతిలో పాడిన పద్యం రెండు శ్రుతికి దిగిపోతుంది. హార్మోనియం పక్కన పెట్టుకుని వినేవాళ్లున్న ఊళ్లివి, ఇది దాగదు. తేమకు గీతలు మొలవవు కదా! చక్రం లేకపోయినా ప్లేటు కింద కాగితం ముక్క దూర్చి, సూది ప్లేటు మీద ఆనించే ఉంచి, 10 సెకన్లకు 13 చుట్లు వస్తున్నాయేమో లెక్కపెట్టుకోవచ్చు. మీవాళ్లు ఒక్కసారి ఇలా చూసినా తప్పు బయటపడేది. ఎల్‌ఈడీ బల్బుల్లో చాలావాటి కింద గీతలు నిలవవనీ, చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైటు కావాలనీ కూడా మీ కాగితంలో లేదు.

ఇక కీ ఇస్తే చుట్టుకుని, విచ్చుకుంటూ ప్లేటును తిప్పే మెయిన్ స్ప్రింగు. మా పాతదాని వెడల్పు వెర్నియర్ కొలత పరికరంతో 25 మి.మీ. వచ్చింది, మీరు పంపింది 25.8. స్ప్రింగు డబ్బా లోపలి లోతు 25.5. మూత బలవంతంగా దిగింది గానీ చుట్ల అంచులు మూతకు రాసుకుంటున్నాయి. అవి ఒకదానికొకటి అంటుకుని, ఒక్కసారిగా విడిపోయి ‘ధబ్’మంటున్నాయి. ఆ దెబ్బకు సూది ఎగురుతోంది. మూడు నిమిషాల పాట చివరిదాకా రావడంలేదు.

ఎండిన గ్రీజు వల్ల కూడా ఇలాంటి చప్పుడే వస్తుందన్నది నిజమే. కానీ పాత గ్రీజును కిరసనాయిలుతో కడిగి, బట్టతో తడి లేకుండా తుడిచాకే మీ గ్రీజు రాశాం. ‘గ్రాఫైట్ గ్రీజు’ అని అచ్చేసిన ఆ డబ్బాలోది వేళ్ల మధ్య నలిపితే నలుపే అంటలేదు. అది బండి చక్రాలకు పెట్టే మామూలు గ్రీజు. మే నెల ఎండకు నూనె విడిపోయి మోటారు పలక మీదికి కారింది. వాజలైన్‌లో గ్రాఫైట్ పొడి కలుపుకున్నా దీనికన్నా మెరుగు.

సూది కదలికను శబ్దంగా మార్చే సౌండ్ బాక్సులోని రబ్బర్లు అసలు రబ్బరే కాదు, గట్టి ప్లాస్టిక్ గొట్టం. గోటితో నొక్కితే లోపలికి పోయి మళ్లీ పైకి రావాలి, ఇవి నొక్కుకోవు. అందులో అదిరి శబ్దం పుట్టించే అభ్రకం బిళ్ల అంచును ఇలా బిగబట్టేస్తే కింది స్వరాలు చస్తాయి, గొంతు పెంచినచోటల్లా గరగర వస్తుంది.

అన్నిటికన్నా భయపెట్టింది మీ సూచనల కాగితం. ప్లేట్లను స్పిరిట్‌తో తుడవమన్నారు. పాత 78 ప్లేట్లలో ఉన్నది లక్క, స్పిరిట్ దాన్ని కరిగిస్తుంది. గాడి ఒకసారి పోతే మళ్లీ రాదు. స్ప్రింగు డబ్బా విప్పేముందు కీ అంతా దిగేదాకా మోటారు తిరగనివ్వాలన్న మాట ఎక్కడా లేదు. చుట్టి ఉన్న స్ప్రింగు విడిపోతే వేళ్లు తెగుతాయి.

కాబట్టి కిట్ డబ్బులు, రెండు వైపులా పార్సిల్ ఖర్చు తిరిగి ఇవ్వండి. ఇదే కిట్ కొన్నవాళ్లందరికీ స్పిరిట్ వాడొద్దని, కీ దించకుండా డబ్బా విప్పొద్దని వెంటనే తెలపండి. ఇదింకా అత్యవసరం, డబ్బుల కోసం దీన్ని ఆపకండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. కొలతలు రాసిన కాగితం, స్ప్రింగు, గీతల చక్రం మా దగ్గర భద్రంగా ఉన్నాయి.

ఇట్లు,
గ్రామఫోన్లు బాగుచేసే అమలాపురం పనివాళ్లం